ఒక డౌన్‌లోడ్, మూడు చిరునామాలు

మొన్న రాత్రి పదిన్నరప్పుడు మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, సీ డ్రైవ్ ఎర్రబడిపోయింది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం ఊడ్చేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఇంకా 40 జీబీ ఎక్కడుందో అంతుపట్టట్లేదు."

"దేంతో దించుతున్నావురా?"

"డౌన్‌లోడ్ మేనేజర్ ఉంది కదా, దాంతోనే. కానీ అన్నీ డీ డ్రైవ్‌లోకే పోయేట్టు పెట్టుకున్నాను. సీలో ఏముంటాయి?"

వాడు చెప్పింది నిజమే. సెట్టింగ్స్‌లో డీ డ్రైవ్ అనే ఉంది, పూర్తిగా దిగిన ఫైళ్లన్నీ డీలోనే ఉన్నాయి. వాడికి దొరకని 40 జీబీ మాత్రం పూర్తిగా దిగనివి. కరెంటు పోయో, లింకు గడువు తీరో, విసుగొచ్చో మధ్యలో వదిలేసినవి. అవి సీ డ్రైవ్‌లో, మామూలుగా కంటికి కనిపించని ఒక ఫోల్డర్‌లో ముక్కలుగా పేరుకుపోయాయి. వాడు ఊడ్చిన చోట అవి ఏనాడూ లేవు.

డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ ఫైళ్లు ఎక్కడ పెడుతుందని ఎవరడిగినా నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ ఫైళ్లు? ఎందుకంటే అక్కడ మూడు రకాలున్నాయి. మీకు కావాల్సిన పూర్తయిన ఫైల్ ఒకటి. ఇంకా దిగుతూ ఉన్న, లేదా మధ్యలో ఆగిపోయిన అరకొర ఫైల్ రెండోది. ఏది ఎంతవరకు వచ్చింది, ఏ లింకు నుంచి వస్తోంది, ఎక్కడికి చేర్చాలి అని ప్రోగ్రామ్ తన కోసం రాసుకునే చిట్టా మూడోది. ఈ మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలన్న నియమం ఏమీ లేదు. చాలా ప్రోగ్రాముల్లో మూడింటికీ మూడు చిరునామాలుంటాయి. మనం ఒకదాని కోసం ఇంకోదాని గుమ్మంలో నిలబడి తలుపు కొడుతుంటాం.

ముక్కలు ఎందుకు

డౌన్‌లోడ్ మేనేజర్ పెద్ద ఫైల్‌ను ఒకే ధారగా తెచ్చుకోదు. సర్వర్‌ని "ఈ బైటు నుంచి ఆ బైటు వరకు ఇవ్వు" అని అడిగే వెసులుబాటు వెబ్‌లో ఉంది. దాన్ని వాడుకుని ఒకేసారి నాలుగైదు, ఒక్కోసారి పది పైగా కనెక్షన్లు తెరిచి, ఒక్కో దానితో ఒక్కో ముక్క లాగుతుంది. మధ్యలో నెట్ పోయినా మళ్లీ మొదటికి రాకుండా ఆగిన చోటు నుంచి అందుకోగలగడం కూడా ఈ వెసులుబాటు పుణ్యమే.

ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్, అంటే అందరూ ఐడీఎం అనేది, ఈ ముక్కల్ని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పోగేసి, అన్నీ వచ్చాక అతికించి ఒక ఫైల్ చేస్తుంది. మనం ఏమీ మార్చకపోతే ఆ తాత్కాలిక ఫోల్డర్ యూజర్ ఖాతాలోని యాప్‌డేటాలో, రోమింగ్ అనే అరలో, ఐడీఎం పేరుతో ఉంటుంది. పూర్తయిన ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్‌లో కంప్రెస్డ్, డాక్యుమెంట్స్, మ్యూజిక్, ప్రోగ్రామ్స్, వీడియో అనే ఉప ఫోల్డర్లలోకి రకాన్ని బట్టి పోతాయి. "డౌన్‌లోడ్స్‌లో చూశాను, లేదు" అనేవాళ్లలో చాలామంది ఈ ఉప ఫోల్డర్ల లోపలికి వెళ్లి చూడనివాళ్లే.

ఇక్కడే ఇంకో సంగతి. ఒకే డ్రైవ్‌లో ఫైల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి జరపడం రెప్పపాటు పని. డేటా కదలదు, డిస్క్ పట్టికలో చిరునామా మాత్రం మారుతుంది. సీ నుంచి డీకి జరపాలంటే అలా కుదరదు, ప్రతి బైటునూ తిరగరాయాలి. నూరు శాతం అయ్యాక కూడా ప్రోగ్రామ్ కాసేపు నానుస్తూ కూర్చుంటే కారణం సాధారణంగా ఇదే: అతికింపు, దానితోపాటు తరలింపు. ఆ సమయంలో సీలో ముక్కలూ ఉంటాయి, డీలో తయారవుతున్న ఫైలూ ఉంటుంది. మీ ఫైల్ డీకే పోతున్నా సీలో చోటు లేకపోతే డౌన్‌లోడ్ ఆగిపోతుందన్నమాట. ఇది తెలియక డీలో 300 జీబీ ఖాళీ చూపించి "చోటు లేదంటుందేమిటి?" అని కంప్యూటర్‌ని తిట్టినవాళ్లున్నారు. ఆ జాబితాలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

బ్రౌజర్ల పద్ధతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. అరకొర ఫైల్‌ను గమ్యం ఫోల్డర్‌లోనే పెట్టి, పేరు చివరి తోక (ఎక్స్‌టెన్షన్) మాత్రం వేరేది తగిలిస్తాయి. క్రోమ్ అయితే డాట్ సీఆర్‌డౌన్‌లోడ్. సేవ్ ఎక్కడ చేయాలో మీరింకా చెప్పకముందే దించడం మొదలుపెట్టేస్తుంది కాబట్టి, అప్పటికి దానికి అన్‌కన్‌ఫర్మ్‌డ్ అని పేరు పెట్టి పక్కన ఒక అంకె వేస్తుంది. అనుమానం ఉన్న ఫైల్‌ను ఉంచాలా వద్దా అని బ్రౌజర్ అడిగినప్పుడు మీరు జవాబివ్వకుండా వదిలేసినా అదే పేరుతో పడి ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ రెండు ఫైళ్లు సృష్టిస్తుంది: అసలు పేరుతో సున్నా బైట్ల ఉత్త డబ్బా ఒకటి, పక్కనే డాట్ పార్ట్ తోకతో నిజమైన సరుకు ఉన్నది ఇంకోటి. ఆ ఉత్త డబ్బాను తెరిచి "ఫైల్ పాడైపోయింది" అని గాభరా పడనక్కర్లేదు, అది జాగా పట్టి ఉంచడానికి వేసిన తుండుగుడ్డ. సఫారీలో అరకొర డౌన్‌లోడ్ చూడ్డానికి ఒక ఫైల్‌లా ఉంటుంది గానీ నిజానికి అదొక ఫోల్డర్. దానిమీద రైట్ క్లిక్ చేసి ప్యాకేజీ కంటెంట్స్ చూపించమంటే అసలు డేటా లోపల కనిపిస్తుంది.

ఒకే సర్వర్ నుంచి కాకుండా, అదే ఫైల్ ఉన్న చాలామంది కంప్యూటర్ల నుంచి దించే టోరెంట్ ప్రోగ్రాముల తీరు వేరు. అక్కడ ముక్కలు వరసగా రావు, ఎక్కడెక్కడివో ఎప్పుడంటే అప్పుడు వస్తాయి. అందుకని మొదట్లోనే పూర్తి సైజు ఫైల్ సృష్టించుకుని, వచ్చిన ముక్కను దాని చోట దాన్ని పెట్టుకుంటూ పోతాయి. చూసేవాళ్లకు 8 జీబీ ఫైల్ అప్పుడే వచ్చేసినట్టు కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్ తెరిచి చూడండి. సైజ్ అని ఒకటి, సైజ్ ఆన్ డిస్క్ అని ఒకటి రెండు వరసలుంటాయి. మొదటిదానిలో 8 జీబీ, రెండోదానిలో 600 ఎంబీ అని ఉంటే, ఆ ఫైల్ చాలావరకు బోలు. పేరుకే 8, డిస్క్‌లో తీసుకున్న చోటు 600. ఫైల్ సిస్టమ్‌లో ఇలాంటి బోలు ఫైళ్లకు వీలుంది. చోటంతా ముందే పట్టుకోమని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం రెండూ 8 అనే చూపిస్తాయి. అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు, ప్రోగ్రామ్ జాబితాలో శాతం చూడాల్సిందే. అరకొర ఫైళ్లు గుర్తు తెలియడానికి యూటోరెంట్ పేరు చివర ఆశ్చర్యార్థకం, యూ, టీ కలిపిన తోక తగిలించగలదు. క్యూబిట్‌టోరెంట్‌లోనూ అలాంటి ఏర్పాటుంది, అడిగితేనే చేస్తుంది. అరకొరవి ఒక ఫోల్డర్‌లో, పూర్తయినవి ఇంకో ఫోల్డర్‌లో పెట్టే ఏర్పాటు కూడా వీటిలో ఉంటుంది. అది ఎప్పుడో మీరే పెట్టి మరిచిపోయి ఉండొచ్చు.

ఆటలు దించే స్టీమ్‌లో ఈ మూడు చిరునామాలూ పక్కపక్కనే చక్కగా కనిపిస్తాయి. స్టీమ్‌యాప్స్ అనే ఫోల్డర్ తెరిస్తే డౌన్‌లోడింగ్ అనే దాంట్లో దిగుతున్నవి, కామన్ అనే దాంట్లో పూర్తయినవి, బయట విడిగా యాప్‌మ్యానిఫెస్ట్ పేరుతో ఒక్కో ఆటకు ఒక్కో చిన్న చిట్టా ఫైల్. చిట్టా తప్పిపోతే ఆట ఫైళ్లన్నీ డిస్క్‌లోనే ఉన్నా స్టీమ్ దృష్టిలో అది ఇన్‌స్టాల్ కానట్టే.

చిట్టా సంగతి

జనం పట్టించుకోని చిరునామా ఇదే. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేముందు దించుకున్నవన్నీ జాగ్రత్తగా పక్కకి తీస్తారు, చిట్టాను మరిచిపోతారు. ఆ తర్వాత టోరెంట్ ప్రోగ్రామ్ తెరిస్తే జాబితా నున్నగా ఉంటుంది. క్యూబిట్‌టోరెంట్‌ది విండోస్‌లో యాప్‌డేటా లోపల లోకల్ అనే అరలో, క్యూబిట్‌టోరెంట్ ఫోల్డర్‌లో, బీటీ అండర్‌స్కోర్ బ్యాకప్ అనే దాంట్లో ఉంటుంది. ఒక్కో టోరెంట్‌కి అక్కడ రెండు ఫైళ్లు. పేర్లు మనకు అర్థం కావు, మామూలు టోరెంట్లకైతే 40 అక్షరాల పొడవున అంకెలూ అక్షరాలూ కలిసిన గజిబిజి. యూటోరెంట్ అయితే రోమింగ్ అరలో తన ఫోల్డర్‌లో రెజ్యూమ్ డాట్ డాట్ అనే ఒకే ఫైల్‌లో అన్నీ రాసుకుంటుంది (రెండో డాట్ చుక్క కాదు, డీ ఏ టీ అనే తోక). లినక్స్‌లో ట్రాన్స్‌మిషన్ అనే టోరెంట్ ప్రోగ్రామ్, కాన్ఫిగ్ అనే దాచిన ఫోల్డర్‌లో టోరెంట్స్ అనీ రెజ్యూమ్ అనీ రెండు అరలు పెట్టుకుంటుంది. ఫైళ్లున్నాయి, చిట్టా పోయింది అనుకుంటే అంతా అయిపోయినట్టేమీ కాదు. అదే టోరెంట్‌ను మళ్లీ చేర్చి, పాత ఫైళ్లున్న ఫోల్డర్ చూపించి, ఫోర్స్ రీచెక్ నొక్కితే ఉన్నవాటిని లెక్కపెట్టుకుని మిగిలింది మాత్రమే దించుకుంటుంది.

టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో, వాడే ఏరియా2 అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ అయితే చిట్టాను ఫైల్ పక్కనే, అదే పేరుకు తన పేరు తోకగా తగిలించి పెడుతుంది. డౌన్‌లోడ్ పూర్తయితే దాన్ని తనే తీసేస్తుంది. పక్కన ఆ చిన్న ఫైల్ ఇంకా కనిపిస్తోందంటే పెద్ద ఫైల్ పూర్తి కాలేదనే. చెత్త అనుకుని దాన్ని తీసేశారా, ఎంతవరకు వచ్చిందో ఏరియా2కి తెలిసే దారి పోయినట్టే.

బ్రౌజర్ చిట్టా గురించి ఒక్క ముక్క. క్రోమ్ తన డౌన్‌లోడ్ల జాబితాను హిస్టరీ అనే డేటాబేస్ ఫైల్‌లోనే రాసుకుంటుంది. మీరు హిస్టరీ తుడిచేస్తే జాబితా పోతుంది, ఫైళ్లు పోవు. ఫైల్ తీసేస్తే ఫైల్ పోతుంది, జాబితాలో వరస మిగిలిపోతుంది. జాబితా ఖాళీగా ఉంది కాబట్టి డిస్క్ కూడా ఖాళీ అయ్యుంటుందనుకోవడం పొరపాటు.

కనిపించని గదులు

విండోస్‌లో యాప్‌డేటా దాచిన ఫోల్డర్. లోపల మూడు అరలు: రోమింగ్, లోకల్, లోకల్‌లో (ఈ చివరి 'లో' మన విభక్తి కాదు, ఇంగ్లీషు మాట). విండోస్ మీటతోపాటు ఆర్ నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో యాప్‌డేటా అని రాసి రెండు పక్కలా శాతం గుర్తు పెడితే నేరుగా అక్కడికి పోవచ్చని అందరూ చెబుతారు. పోతాం గానీ యాప్‌డేటాకి కాదు, దాని లోపలున్న రోమింగ్‌కి. పేరు అలా పెట్టారు, ఏం చేస్తాం. లోకల్ కావాలంటే అదే పద్ధతిలో లోకల్‌యాప్‌డేటా అని కలిపి రాయాలి. అలాగే శాతం గుర్తుల మధ్య టెంప్ అని రాస్తే లోకల్ లోపలి టెంప్ తెరుచుకుంటుంది. ఈ మూడు దారులూ గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

డౌన్‌లోడ్స్ అనే ప్రత్యేక ఫోల్డర్ విండోస్‌కి మొదటినుంచీ లేదు. 2007లో జనంలోకి వచ్చిన విస్టాతో అది ప్రతి యూజర్‌కీ సొంతమైంది. అంతకుముందు ఎక్స్‌పీ కాలంలో ఏ ప్రోగ్రామ్ ఇష్టం దానిది. మై డాక్యుమెంట్స్‌లో పెట్టేవి కొన్ని, తాము ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలే పెట్టుకునేవి కొన్ని. ఈ రెండో రకం పాత ప్రోగ్రాములే ఇప్పటికీ మనుషుల్ని ముప్పుతిప్పలు పెడుతుంటాయి.

ఎందుకంటే విస్టా నుంచి మామూలు ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయకూడదని కట్టడి వచ్చింది. మరి ఆ పాత ప్రోగ్రాములన్నీ ఒక్కరోజులో మూలపడకుండా విండోస్ చిన్న మాయ చేసింది. పాత 32 బిట్ ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే వద్దనకుండా సరేనంటుంది, రాసినదాన్ని మాత్రం యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. మళ్లీ ఆ ప్రోగ్రామే తన ఫోల్డర్‌లో చూస్తే ఆ ఫైల్ అక్కడే ఉన్నట్టు చూపిస్తుంది. ప్రోగ్రామ్ ఏమో "ఇదిగో, నా ఫోల్డర్‌లోనే ఉంది" అంటుంది. మనం ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో అదే ఫోల్డర్ తెరిస్తే ఏమీ ఉండదు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు! ఈ ఒక్క ఫోల్డర్ పేరు తెలియక నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం ఇంకో మలుపు. ఇంట్లో మామూలు ఖాతా మీది, అడ్మిన్ ఖాతా ఇంకొకరిది అయితే, ఆ పాస్‌వర్డ్‌తో నడిపిన ప్రోగ్రామ్ వాళ్ల డౌన్‌లోడ్స్‌లోకి, వాళ్ల యాప్‌డేటాలోకి పోతుంది. మీ ఫోల్డర్‌లో ఎంత వెతికినా దొరకదు. సర్వీస్‌గా వెనకాల నడిచేవాటికైతే మనుషుల ఖాతా కూడా అక్కర్లేదు, సిస్టమ్ ఖాతా పేరుతో సిస్టమ్32 లోపల కాన్ఫిగ్, సిస్టమ్‌ప్రొఫైల్ అనే మారుమూలన వాటి కాపురం. కమాండ్ ప్రాంప్ట్‌లో డబ్ల్యూగెట్ లాంటి డౌన్‌లోడ్ ఆజ్ఞలు వాడేవాళ్లకు వేరే తంటా: మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి ఆజ్ఞ ఇచ్చారో ఫైల్ అక్కడే పడుతుంది. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్ సిస్టమ్32లో మొదలవుతుంది. అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చేస్తే మీ ఫైల్ వేల విండోస్ ఫైళ్ల మధ్యలో చేరి కూర్చుంటుంది.

మ్యాక్‌లో ఇంత గందరగోళం లేదు గానీ లైబ్రరీ ఫోల్డర్‌ను 2011లో వచ్చిన లయన్ అనే మ్యాక్ వెర్షన్ నుంచి దాచేశారు. ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ మీట నొక్కి పట్టుకుంటే లైబ్రరీ అప్పుడు ప్రత్యక్షమవుతుంది. లోపల అప్లికేషన్ సపోర్ట్, క్యాషెస్, కంటైనర్స్ అనే మూడూ చూడాల్సినవి. యాప్ స్టోర్ నుంచి వచ్చినవాటిని కంటైనర్స్‌లో ఎవరి గదిలో వాళ్లను ఉంచుతారు. లినక్స్‌లో పేరు ముందు చుక్క ఉన్నదల్లా దాచినదే: కాన్ఫిగ్, క్యాష్, లోకల్ లోపలి షేర్. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీల రూపంలో వేసుకున్న ప్రోగ్రాములైతే ఈ మామూలు చోట్ల చూసి లాభం లేదు, స్నాప్ అనే ఫోల్డర్‌లోనో, ముందు చుక్క ఉన్న వార్ అనే ఫోల్డర్ లోపలి యాప్‌లోనో చూడాలి.

సినిమాలు, సీరియళ్లు చూసే యాప్‌లలో "డౌన్‌లోడ్" అని ఉండే బటన్‌ను ఈ లెక్కలో కలపకండి. అది ఆ యాప్ తన గదిలో తాళం వేసి పెట్టుకునే సరుకు. దాని ఫోల్డర్ కనిపెట్టినా వేరే ప్లేయర్‌లో తెరుచుకోదు.

అడగడం, లేదంటే పట్టుకోవడం

ఇంత చెప్పాక కూడా నా సలహా వెతకొద్దనే. ముందు ప్రోగ్రామ్‌నే అడగండి. జాబితాలో ఆ ఫైల్ వరస మీద రైట్ క్లిక్ చేస్తే ఓపెన్ ఫోల్డర్ అనో షో ఇన్ ఫోల్డర్ అనో ఉంటుంది. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో కంట్రోల్, జే కలిపి నొక్కితే జాబితా వస్తుంది. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా సెట్టింగ్స్‌కి పోయి అక్కడున్న ఫోల్డర్ పేరు నమ్ముతారు. సెట్టింగ్స్‌లో ఉండేది ఇకమీదట దిగేవాటి చిరునామా. పోయిన నెల దించినది అప్పటి చిరునామాలోనే ఉంటుంది, సెట్టింగ్ మార్చినంత మాత్రాన అది లేచి నడిచి రాదు.

ప్రోగ్రామ్ చెప్పకపోతే? రాస్తుండగా పట్టుకోవాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే, ఎందుకంటే ఇందులో ఊహలకు చోటు లేదు. ఏదైనా పెద్ద డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. విండోస్ మీట, ఆర్ నొక్కి ఇంగ్లీషులో రెస్‌మాన్ అని రాయండి, రిసోర్స్ మానిటర్ తెరుచుకుంటుంది. డిస్క్ ట్యాబ్‌లోకి వెళ్లి పైన ప్రోగ్రాముల వరసలో మీ ప్రోగ్రామ్ పక్కనున్న గడిలో టిక్ పెట్టండి. కింద డిస్క్ యాక్టివిటీ అనే పట్టీలో రైట్ (అంటే రాత) అనే నిలువు వరస తలమీద నొక్కితే ఎక్కువ రాస్తున్నది పైకి వస్తుంది. ఆ పక్కనే పూర్తి దారితో సహా ఫైల్ పేరు. సెకనుకు ఇన్ని బైట్లు అని అంకె మారుతూ ఉంటుంది, అంతే, దొంగ దొరికాడు. ఒక్కోసారి మీ ప్రోగ్రామ్ పేరు పక్కన ఏమీ కనిపించదు, రాత అంతా సిస్టమ్ అనే పేరు మీద పడుతుంది. ప్రోగ్రామ్ మెమరీలో పెట్టినదాన్ని విండోస్ తీరిగ్గా డిస్క్‌కి దించుతుండటం వల్ల అలా జరుగుతుంది. అప్పుడు టిక్ తీసేసి మొత్తం పట్టీ చూడండి, దారి ఎలాగూ కనిపిస్తుంది. ఇంకా లోతుగా కావాలంటే ప్రాసెస్ మానిటర్ ఉంది. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఒకటి, 2006లో మైక్రోసాఫ్ట్ వాటిని కొనేసింది, ఉచితంగానే ఇస్తోంది.

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లో ప్రోగ్రామ్ పేరు మీద రెండుసార్లు నొక్కితే ఓపెన్ ఫైల్స్ అండ్ పోర్ట్స్ అనే ట్యాబ్ ఉంటుంది. మ్యాక్‌లోనైనా లినక్స్‌లోనైనా టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే ఆజ్ఞ తెరిచి ఉన్న ఫైళ్లన్నీ చెబుతుంది. లినక్స్‌లో ఒక విచిత్రం ఉంది: ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైల్‌ను మీరు తీసేసినా పేరు మాయమవుతుంది గానీ చోటు ఖాళీ కాదు, ప్రోగ్రామ్ మూసేదాకా డిస్క్ అలాగే నిండి ఉంటుంది. తీసేసిన ఫైల్ బరువు ఇంకా తగ్గలేదేమిటని తల పట్టుకునేముందు ఆ ప్రోగ్రామ్ మూసి చూడండి.

ఇక ప్రోగ్రామ్‌నే ఎప్పుడో తీసేశారు, అడగడానికీ పట్టుకోవడానికీ ఎవరూ లేరు అనుకోండి. అప్పుడు సైజును బట్టి వెతకాలి. విండిర్‌స్టాట్, విజ్‌ట్రీ లాంటివి డిస్క్‌లో ఏ ఫోల్డర్ ఎంత బరువో బొమ్మ గీసి చూపిస్తాయి. పేరులో ఒక ముక్క గుర్తుంటే ఎవ్రీథింగ్ అనే ప్రోగ్రామ్ చాలు. డిస్క్ మొత్తం తిరగకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి) ఫైల్ పట్టికనే చదువుతుంది కాబట్టి రాస్తుండగానే ఫలితాలు పడతాయి.

తేదీని నమ్మి వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. డబ్ల్యూగెట్ తనంతట తానే, కొన్ని డౌన్‌లోడ్ మేనేజర్లు మనం అడిగితేనూ, ఫైల్‌కి సర్వర్‌లో ఉన్న తేదీనే వేస్తాయి. ఇవాళ దించిన ఫైల్ మీద 2019 అని ఉండొచ్చు. తేదీ ప్రకారం పేర్చి పైన చూస్తారు, అది జాబితా అట్టడుగున ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఉన్న ఫోల్డర్‌లోనే కనిపించక పక్క ఫోల్డర్లన్నీ తిరుగుతాం. ఎక్స్‌ప్లోరర్‌లో డేట్ క్రియేటెడ్ అనే వరస కూడా పెట్టుకుంటే, మారేది మాడిఫైడ్ తేదీ ఒక్కటే అయినప్పుడు ఈ తిప్పలుండవు.

తిరగేసి వెతకడానికీ ఒక దారుంది. ఎదురుగా ఫైల్ ఉంది, ఎక్కడ నుంచి వచ్చిందో గుర్తులేదు. మ్యాక్‌లో గెట్ ఇన్ఫో తెరిస్తే వేర్ ఫ్రమ్ అని లింకే చూపిస్తుంది. విండోస్‌లో కూడా నెట్ నుంచి వచ్చిన ఫైల్‌కి బ్రౌజర్లు జోన్ ఐడెంటిఫైయర్ అనే కనిపించని చీటీ అంటిస్తాయి. ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అనే గడి కనిపించేది ఆ చీటీ వల్లే. చాలాసార్లు అందులో లింకు కూడా ఉంటుంది.

ఊడ్చే పద్ధతి

మా వాడి కథకి వస్తే, ఫోల్డర్ దొరకగానే "అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేయనా?" అన్నాడు. వద్దన్నాను. చిట్టాలో వరస ఉండగా ముక్కల్ని మనం చేత్తో తీసేస్తే, ప్రోగ్రామ్ రేపు ఆ వరసను తెరిచి లేని ముక్కల కోసం వెతుక్కుని, ఎర్రర్ చూపించడమో మళ్లీ మొదటినుంచి దించడం మొదలెట్టడమో చేస్తుంది. అందుకని ముందు ప్రోగ్రామ్ జాబితాలో అన్‌ఫినిష్డ్ వాటిని పక్కకి తీసి, అక్కర్లేనివి అక్కడే తొలగించమన్నాను. 14 వరసలున్నాయి. రెండు ఉంచుకున్నాడు, పన్నెండు తీసేశాడు. 31 జీబీ ఖాళీ అయ్యింది.

"ఇంకా తొమ్మిది జీబీ ఆ ఫోల్డర్‌లోనే ఉంది మామయ్యా. నేను ఉంచుకున్న రెండూ కలిపి రెండు జీబీ కూడా లేవు."

అవి అనాథలు. ఒకసారి ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ వేసుకున్నప్పుడు చిట్టా కొత్తదైంది, పాత ముక్కలు అలాగే మిగిలిపోయాయి. ఏ వరసా వాటిని పిలవదు, కాబట్టి ఎప్పటికీ పోవు. ప్రోగ్రామ్‌ని పూర్తిగా మూసేసి, ట్రేలో కూడా లేకుండా చూసుకుని, తేదీలు చూడమన్నాను. ఉంచుకున్న రెండింటి ఫోల్డర్లు ఈ వారంవి, మిగతావన్నీ ఏడాది కిందటివి. పాతవి మాత్రం తీసేశాడు.

తర్వాత తాత్కాలిక ఫోల్డర్‌ను కూడా డీకి మార్చాడు. ఆ రెండు డౌన్‌లోడ్లు పాత చోటే పూర్తవుతాయని, కొత్తవి మాత్రమే డీకి పోతాయని చెప్పాను.

"మరి చిట్టా? దాన్నీ డీకి పంపేద్దామా?"

"అది ఎంతుందో చూడు."

కాసేపు మౌనం. "రెండు వందల కేబీ."

"అక్కడే ఉండనీరా."